టేపు ముక్క

ఎల్డన్ ప్రూయిట్ జడ్జి గౌను మీద మరక పడకుండా మెడలో కాగితపు రుమాలు దోపుకుని, నిలబడే గుడ్డూ రొట్టే తింటున్నాడు. కూర్చుంటే కాలు ఊగడం ఆగదు. గౌను కింద ఇంట్లో వేసుకునే పాత చెప్పులు. టీవీలో జడ్జిని బల్ల కింది దాకా ఎవరూ చూపించరు.

నలభై ఏళ్లుగా టీవీలో ఉన్నాడు. షెరీఫ్, పాస్టరు, చెడ్డ కబురు చెప్పే డాక్టరు. మొన్న బర్బ్యాంక్‌లో సరుకుల కొట్టులో ఒకావిడ ఆపింది.

"మిమ్మల్ని ఎక్కడో చూశానండీ. మా వంటింటి సింకు బాగుచేసిన ప్లంబరు మీరే కదూ?"

అవునన్నాడు. ఇప్పుడు నీళ్లు సరిగ్గా పోతున్నాయా అని కూడా అడిగాడు.

ఈ సీరియల్లో ఐదేళ్లుగా జడ్జి. "కూర్చోండి", "అభ్యంతరం చెల్లదు". అంతే. ఇవాళ ఆఖరి భాగం కాబట్టి పేజీ నిండా మాటలిచ్చారు, అబద్ధమాడిన లాయరును నిలదీసే మాటలు. క్లోజప్ కూడా ఇచ్చారు.

క్లోజప్‌లో కెమెరా ఒక్కడి ముఖం మీదే ఉంటుంది. ఎదుటి నటుడు కెమెరా పక్కన నిలబడి, కనబడకుండా తన మాటలు అందిస్తాడు. అది మర్యాద. హీరోలకు ఆ మర్యాద ఉండదు. వ్యానెక్కిపోతారు. వాళ్ల చోట ఒక స్టాండు పెట్టి టేపు ముక్క అంటిస్తారు. దాన్నే మనిషనుకుని మాట్లాడాలి. ప్రూయిట్ మాత్రం అందరికీ నిలబడ్డాడు. భార్య నెడ్రా ఆసుపత్రిలో చనిపోయిన మధ్యాహ్నం కూడా ఎవడో కుర్ర హీరో ఏడుపు సీను కోసం కెమెరా పక్కన నిలబడే ఉన్నాడు. ఆ కుర్రాడు తర్వాత కృతజ్ఞత కూడా చెప్పలేదు.

లాయరు వేషం వేసే బ్రైస్‌ని పొద్దున్నే పట్టుకున్నాడు. "నా క్లోజప్‌కి ఉంటావా?"

"అదేం మాట పెద్దాయనా! ఐదేళ్లుగా నన్ను గదమాయించి కూర్చోబెడుతున్నారు. ఇవాళ ఎదురుగా నిలబడి తనివితీరా తిట్లు తింటా."

"ఒట్టేనా?"

"ఒట్టు."

కెమెరా ఎలాగూ జడ్జి బల్ల వైపే ఉందని ముందు ప్రూయిట్ క్లోజప్ పెట్టారు. బల్ల వెనక కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"కదలకండి జడ్జిగారూ! పౌడరు మీకు వేస్తున్నానో కుర్చీకి వేస్తున్నానో తెలీడం లేదు" అని మేకప్ అమ్మాయి విసుక్కుంది.

అసిస్టెంట్ డైరెక్టర్ డెనిస్ స్టాండు మోసుకొచ్చింది. ఆమె ముఖం చూడకముందే ప్రూయిట్‌కి అర్థమైంది.

"బ్రైస్‌కి ఫోనొచ్చిందండీ. అతని మాటలు స్క్రిప్టు అమ్మాయి చదువుతుంది, సరేనా?"

"ఎప్పుడొస్తాడు?"

"తన క్లోజప్‌కి."

మనిషి కళ్లుండే ఎత్తులో ఆకుపచ్చ టేపు అంటించి బొటనవేలితో నొక్కింది.

"నా కళ్లలోకి చూసి చెప్పు, బాబూ" అన్నాడు ప్రూయిట్, కెమెరా ఆన్ కాగానే. టేపు కళ్లు దించలేదు. మిగతా పేజీ అంతా దానికే చెప్పాడు, గొంతు పెంచకుండా. కాలు ఊగడం ఆగింది. లైట్లబ్బాయి నమలడం ఆపాడు. కట్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడొచ్చాడు బ్రైస్. "అదరగొట్టారంట! ఏజెంటు వదల్లేదు పెద్దాయనా, ఏమనుకోకండి. ఇక నా వంతు. ఇక్కడే నిలబడండి. మీ కళ్లు చూస్తే గానీ నాకు ఏడుపు రాదు."

ప్రూయిట్ గౌను విప్పి కుర్చీ మీద పడేశాడు.

"టేపు ఉందిగా బాబూ. మంచిది. మధ్యలో ఫోనెత్తదు."

"జడ్జిగారూ, ఒక్క షాటేనండీ" అంది డెనిస్ వెంటపడుతూ.

"ఇంటికెళ్లాలమ్మా."

ఇంట్లో ఎవరూ లేరని డెనిస్‌కి తెలుసు. ఆమె ఆగిపోయింది. చెప్పులు టపటపలాడుతూ తలుపు దాకా వెళ్లి, ఎండలో కలిశాయి.

లోపల లైట్లు మార్చారు. నిశ్శబ్దం అని అరిచారు. బ్రైస్ ఎదురుగా స్టాండు మీద ఆకుపచ్చ టేపు ముక్క, ఒక అంచు ఊడి, ఏసీ గాలికి కొద్దికొద్దిగా కదులుతూ ఉంది.