గ్లాసు మీద చెంచా

రికార్డింగు గదిలో ఫ్యాను వేయకూడదు. వేస్తే చదివేవారి గొంతు వెనక ఒక గరగర చేరుతుంది. అందువల్ల చూపులేనివారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే మా సేవాసంఘం సభ్యులమంతా, గోడలకు పాత పరుపులు ఆనించిన ఒక సామాన్ల గదిలో, విడతకు నలభై నిమిషాల చొప్పున చెమటలు కక్కుతూ చదువుతాం. మంచినీళ్ళ గ్లాసు బల్లకు తగిలి చప్పుడు కాకుండా దాని కింద మడతపెట్టిన తువ్వాలు ఉంటుంది.

మరో నియమం కూడా ఉంది. ఒకరు చదివినదాన్ని ఇంకొకరు పుస్తకం ముందు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా విని సరిచూడాలి. దీన్ని ప్రతిపాదించింది నేనే. ముప్ఫై మూడేళ్ళు కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి, కొలిచి చూడనిదే దేన్నీ ఒప్పుకోవద్దని కొన్ని వేలమందికి నూరిపోసినవాణ్ణి. తీరా నా వంతు వచ్చేసరికి, సంఘం అధ్యక్షుడైన మందుల షాపు యజమాని రెండు చేతులూ జోడించాడు.

"మాస్టారూ, మీరు చదివినదానికి చెకింగా? శుభలేఖ ఇస్తే ఎర్ర పెన్ను తీసే మనిషి మీరు. మీకు తప్పులు పట్టేంత సీను మాలో ఎవరికుంది?"

నేను నవ్వి ఊరుకున్నాను. అభ్యంతరం చెప్పవలసింది అక్కడే.

అప్పుడు నేను చదువుతున్నది ఒక టెలిఫోన్ ఆపరేటరు కోసం. నీటి సరఫరా కార్యాలయంలో ఆమెది పదకొండేళ్ళ ఉద్యోగం. పుట్టుకతోనే చూపు లేదు. ఆ ఏడాది చివరికి ఆమె ముందున్న ఫోన్ల బోర్డు తీసేసి యంత్రం పెడుతున్నారు. శాఖ పెట్టే పరీక్ష పాసైతే ఫిర్యాదుల విభాగంలో సహాయకురాలి కుర్చీ. తప్పితే అధికారి గది బయట స్టూలు.

"జీతం అదే మాస్టారూ," అంది మొదటిరోజు. "బెల్లు మోగితే లేవాలి, ఫైలు అందుకోవాలి, లోపల పెట్టి రావాలి. మాట్లాడే పనే ఉండదు. రోజుకి రెండొందల మందితో వాగేదాన్ని, స్టూలు మీద కూర్చోబెడితే నెలరోజుల్లో పిచ్చెక్కిపోతుంది నాకు."

పరీక్షకు ఒకటే పుస్తకం: శాఖవారే అచ్చువేసిన మూడువందల నలభై పేజీల కరదీపిక. ఇరవై రెండు విడతల్లో ముగించాను.

పరీక్ష తొమ్మిది రోజులుందనగా, శనివారం సంఘం సమావేశం జరుగుతుండగా, ఆమె మెట్లెక్కి వచ్చింది. వెంట ఆమె కార్యాలయంలోని మీటర్ రీడరు ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ పాత ప్రశ్నపత్రాలు చదివి ఆమెను పరీక్షిస్తున్నది అతనే.

"మాస్టారూ, మీరు చదివిన పుస్తకం, మా ఆఫీసులో ఉన్న పుస్తకం ఒకటేనా?"

"ఒకటేనమ్మా. మీరు తెచ్చి ఇచ్చిందే కదా."

"అక్క యాభైకి నలభై దాటుతుందనుకున్నాను సార్," అన్నాడు మీటర్ రీడరు. "ఇరవై ఎనిమిది దగ్గరే కొట్టుకుంటోంది. పైగా నాతో పోట్లాట! పైపు వ్యాసం రెట్టింపు చేస్తే నీళ్ళు ఎన్ని రెట్లు వస్తాయంటే నాలుగంటుంది. పుస్తకంలో రెండని ఉంది, జవాబుల పట్టీలోనూ రెండే."

"నాలుగే," అన్నాను. "నీటి వేగం మారకపోతే, వ్యాసం రెట్టింపైనప్పుడు పైపు వైశాల్యం నాలుగింతలవుతుంది. పుస్తకం తప్పు. అందుకే సరిచేసి చదివాను."

"సరిచేసి చదివారా?" అంది ఆమె. "ఎన్ని చోట్ల?"

"ఏడెనిమిది ఉంటాయేమో."

"ఏవేవి?"

ఎక్కడా గుర్తు పెట్టుకోలేదు.

"పుస్తకంలో తప్పుందని చెప్పుంటే రెండూ గుర్తుంచుకునేదాన్ని కదా మాస్టారూ. ఆ సంగతి మీ దగ్గరే ఉంచేసుకున్నారు." ఆమె గొంతు పెంచలేదు, ఆ స్థిమితమే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది. "ఇంకోటి. కనెక్షను తీసేసేముందు ఇచ్చే నోటీసు గడువులో, నోటీసు ఇచ్చిన రోజు లెక్కలోకి వస్తుందని చదివారు. పదకొండేళ్ళుగా ఫోన్లో నేను రాదనే చెబుతున్నాను. మీ గొంతు విన్నాక, ఇన్నాళ్ళూ నేనే తప్పు చెప్పానేమో అనుకున్నాను. గురువారం ఒకాయనకి మీరు చదివినట్టే చెప్పేశాను."

మీటర్ రీడరు పేజీ తీసి నా ముందుంచాడు. 'రాదు' అనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. అంతకు పన్నెండు పేజీల ముందు మీటరు మార్పు నోటీసు గురించి చెబుతూ, ఇచ్చిన రోజుతో కలిపి లెక్కించాలని రాశారు. రెండూ ఒకటే నియమం, రెండోది అచ్చుతప్పు అని తేల్చుకున్నాను. అవి రెండు వేర్వేరు నియమాలు. నేను విచారించలేదు, తీర్పు చెప్పేశాను.

"ఆ గురువారం ఆయన?" అని అడిగాను.

"పొద్దున్నే ఫోన్ చేసి సరిగ్గా చెప్పాను. ముందు తిట్టాడు. ఒకరోజు కలిసొచ్చిందని తెలిశాక దణ్ణం పెట్టాడు."

అధ్యక్షుడు నా వైపు చూడకుండా తన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. సమావేశంలో మిగిలిన అంశాలు వాయిదా పడ్డాయి.

ఆదివారం ఉదయం నుంచి మంగళవారం సాయంత్రం వరకు, ముందు గదిలో, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పద్నాలుగు గంటల పైచిలుకు నా గొంతును నేనే విన్నాను. మా ఆవిడ మధ్యమధ్య వచ్చి వింటూ, ఉతికిన బట్టలు మడతలు పెట్టుకుంది.

"ఏమండీ, ఇందులో పుస్తకం మాట ఏదో, మీ మాట ఏదో ఎలా తెలుస్తుంది? రెండూ ఒకే గొంతుతో చెబుతున్నారుగా."

"అదే వచ్చిన చిక్కు."

"చిక్కేముంది, ఇంట్లోనూ అంతేగా. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మీరు చెప్పిందల్లా ఏదో పుస్తకంలో ఉందనే అనుకుంటున్నాను," అని దిండుగలీబు దులిపింది.

ఏడెనిమిది అనుకున్నవి ఇరవై ఆరు తేలాయి. పంతొమ్మిది చోట్ల పుస్తకం నిజంగానే తప్పు. అయిదు చోట్ల వాక్యం నాకు నచ్చక చక్కదిద్దాను. రెండు చోట్ల పుస్తకం ఒప్పు, నేను తప్పు. దేవుణ్ణి గాని దొరను గాని అడగకుండా నమ్మవద్దని తరగతుల్లో ఊదరగొట్టినవాణ్ణి, ఒక మనిషి తన పదకొండేళ్ళ అనుభవాన్ని పక్కనపెట్టి నా గొంతును నమ్మేటట్టు చేశాను. ఆమెకు అడిగే వీలు కూడా మిగల్చలేదు.

ఫోన్ చేసి లెక్క చెప్పాను. ఇకమీదట నా మాట ఒక్కటి కూడా కలపనని అన్నాను.

"కలపండి," అంది. "పుస్తకం తప్పయితే నాకూ తెలియాలిగా. కాకపోతే మీ మాట మొదలయ్యేముందు గ్లాసు మీద చెంచాతో ఒకసారి కొట్టండి. అయిపోయాక మళ్ళీ ఒకసారి."

బుధవారం ఆ ఇరవై ఆరు చోట్లూ మళ్ళీ చదవడానికి గ్లాసు కింది తువ్వాలు తీసేశాం. అబద్ధమని తెలిసిన వాక్యాన్ని నిజం చదివినంత నెమ్మదిగా చదవడం అనుకున్నంత తేలిక కాదు. పైపు వాక్యం మూడోసారికి గాని కుదరలేదు. చెంచా చప్పుడు తర్వాత, "ఇది తప్పమ్మా, నాలుగు రెట్లు, కాని పరీక్షకు రెండే," అన్నాను. ఎదురుగా అధ్యక్షుడు పుస్తకం పట్టుకుని కూర్చుని సరిచూశాడు. ఇరవయ్యో సవరణ దగ్గర చెయ్యెత్తాడు.

"మాస్టారూ, 'సుమారు' అన్న మాట మింగేశారు!"

లాటరీ తగిలినవాడి ముఖంలా వెలిగిపోయింది అతని ముఖం. ఆ వాక్యం మళ్ళీ చదివాను.

పరీక్షలో ఆమె చెబుతుంటే రాసేందుకు శాఖవారు ఒక గుమాస్తాను ఇచ్చారు. అయిదు వారాలకు ఫలితం వచ్చింది. మూడు మార్కుల తేడాతో గట్టెక్కింది. పైపు ప్రశ్న, నోటీసు ప్రశ్న రెండూ వచ్చాయట; రెండేసి మార్కులు.

తర్వాతి శనివారం సంఘం ఆమెను మాట్లాడమని పిలిచింది. ఏం మాట్లాడాలో కూడా అధ్యక్షుడే నాలుగు వాక్యాలు రాసి, ఫోన్లో చదివి వినిపించి, కంఠతా పట్టించాడు. "నా జీవితంలో వెలుగు నింపిన ఈ సంఘానికి" అనే దగ్గర మొదలుపెట్టి, ఆమె అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. చప్పట్లు కొట్టాం. ఆమె కూర్చోలేదు. బల్ల మీద తడిమి గ్లాసు పట్టుకుంది, సంచిలోంచి చెంచా తీసింది, ఒకసారి కొట్టింది.

"ఇప్పటిదాకా చెప్పింది అధ్యక్షులవారిది. ఇక్కణ్ణుంచి నా మాట. వెలుగు సంగతి నాకు తెలీదు. నాకు కావలసింది కుర్చీ, అది వచ్చింది. నోటీసు విషయంలో మాస్టారు తప్పు, పైపు విషయంలో రైటు. పరీక్షలో రెండు రెట్లనే రాయించాను. రాయించిన దగ్గర్నుంచీ అది ముల్లులా గుచ్చుతోంది. రేపు ఆ కుర్చీలో కూర్చున్నాక ఎవరైనా అడిగితే, తెలిసి తెలిసి రెండని చెప్పలేను."

మళ్ళీ కొట్టి కూర్చుంది.

మీటర్ రీడరు ఒక కాగితం తెచ్చి నా చేతికిచ్చాడు. శాఖకు ఆమె రాయిస్తున్న ఉత్తరం: కరదీపికలోని పంతొమ్మిది తప్పులు, పేజీల వారీగా. కింద ఆమె వేలిముద్ర, పక్కన మరొక సంతకానికి చోటు.

"మీరు కూడా సంతకం పెట్టాలి మాస్టారూ," అంది. "కాని ముందు అందరికీ వినబడేట్టు ఒకసారి చదవండి. ఉన్నది ఉన్నట్టు."

లేచి చదివాను. నాలుగో పంక్తిలో పేజీ సంఖ్య తప్పు పడింది; నూట పన్నెండుకు బదులు నూట ఇరవై ఒకటి అని ఉంది. జేబులో ఎర్ర పెన్ను ఉంది. నూట ఇరవై ఒకటి అనే చదివాను. చదివి, చెంచా కోసం ఆమె వైపు చెయ్యి చాపాను.