బాబాయి దవడకి వేలంపాట

మా బాబాయి పాత సామాను వేలం వేస్తాడు. ఆయన గొంతెత్తితే మూడు వీధుల అవతలివాళ్లు కూడా అక్కర్లేని కుర్చీలు కొనుక్కుని ఇంటికెళ్లి ఏడుస్తారు. మొన్న ఓ బీరువా దగ్గర నిలబడి "ఒకటోసారి... రెండోసారి..." అన్నాడు. మూడోసారి బీరువా తలుపే విసురుగా తెరుచుకుని ఆయన దవడమీద అంది. తలుపుకేం కాలేదు. దవడ రెండుచోట్ల విరిగింది.

ఆస్పత్రిలో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి రెండు దారులు చెప్పారు. "పై పళ్లనీ కింది పళ్లనీ తీగతో కలిపి కట్టేయొచ్చు. ముప్ఫై వేలు. ఆరు వారాలు నోరు తెరవకూడదు. లేదా ఎముకకి ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తాం. తొంభై వేలు. వారంలో మాట్లాడొచ్చు."

"ఆరు వారాలు అస్సలు మాట్లాడరా?" అంది పిన్ని. ఆవిడ ముఖంలో అంత వెలుగు పెళ్లి ఫొటోల్లో కూడా లేదు. "తీగే కట్టేయండి."

బాబాయి "మ్మ్! మ్మ్!" అంటూ నా చొక్కా గుంజాడు. రెండు వారాల్లో పెద్ద బంగళా సామాను వేలం ఉంది. ఈయన నోరు లేకపోతే అది ఎదురుషాపు వాడి పాలు.

"పిన్నీ, బంగళా పోతే లక్ష పోయినట్టే. పైగా ఆరు వారాలు అన్నం మిక్సీలో వేసి స్ట్రాతో పట్టాలి. లెక్కేస్తే తీగే ఖరీదు" అన్నాను.

పిన్ని నిట్టూర్చింది. "సరే, ప్లేటే. కానీ తొంభై ఏంటండీ? వాడీ వాడీ అరిగిపోయిన దవడ అది. డెబ్భై చేసుకోండి."

"ఎనభై ఐదు" అన్నారు డాక్టరు గారు.

బాబాయి చూపుడువేలు లేచింది. అంకె వినపడితే చాలు, పైకి పాడమని వేలు లేపడం ఆయనకి పాతికేళ్ల అలవాటు.

"తొంభై అంటున్నారా?" అన్నారు డాక్టరు గారు ఆ వేలు చూసి.

"డెబ్భై ఐదు!" అంది పిన్ని.

రెండు వేళ్లు లేచాయి.

"తొంభై ఐదు!" అన్నారు డాక్టరు గారు హుషారుగా.

"ఒరేయ్, మీ బాబాయిని పట్టుకోరా! ఇల్లు అమ్మించేలా ఉన్నాడు!"

నేను చేతులు పట్టుకున్నాను. కాలు లేపాడు. పిన్ని వెళ్లి కాళ్లమీద కూర్చుంది.

"ఎనభై! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అని హ్యాండ్‌బ్యాగ్‌తో బల్లమీద ఒక్కటిచ్చింది. డాక్టరు గారు జడుసుకుని ఒప్పేసుకున్నారు.

ప్లేటు కుదిరింది. బంగళా వేలం బ్రహ్మాండంగా జరిగింది. ఇంటికొచ్చి బాబాయి ఆ వేలం కథ మొదలెట్టాడు. ఇవాళ్టికి మూడోరోజు, కథ ఇంకా బంగళా గేటు కూడా దాటలేదు.

ఇందాక పిన్ని వంటింట్లోకెళ్లి తలుపేసుకుని ఫోన్ చేసింది.

"డాక్టరు గారూ, ప్లేటు అలాగే ఉంచి, పైన తీగ కూడా కట్టడానికి ఎంతవుతుందండీ? అబ్బే, బేరం ఆడను లెండి."