మధ్యలో కట్టిన గదులు

తేనెటీగల పెట్టెలోంచి ఒక్కో చట్రాన్నీ పైకి తీసి వెలుగుకి పట్టి చూస్తున్న అక్క ఆఖరి చట్రం దగ్గర ఆగిపోయింది. ఏ మైనపు గదిలోనూ ఒక్క గుడ్డు లేదు. అంటే గుడ్లు పెట్టే రాణి లేదు.

తండ్రి వదిలివెళ్ళిన పన్నెండు పెట్టెల్లో పదకొండు ఈ యేడు తెగులుకి తుడిచిపెట్టుకుపోయాయి. చుట్టుపక్కల పెంచేవాళ్ళందరిదీ అదే గతి. ఒక రాణిని ఇమ్మని అడుగుదామన్నా ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. ఇదీ పోతే ఆవిడ బతుకు రోడ్డున పడ్డట్టే, ఇంకో పని చేతకాదు.

"పోయిన వారం నాకు జ్వరమొస్తే నువ్వే కదరా పెట్టె చూశావు. ఏం కనపడింది?" అని తమ్ముణ్ణి అడిగింది.

"రాణి గదులు ఏడు కట్టాయక్కా. నువ్వు చెప్పినట్టే అన్నీ నలిపేశాను, ఒక్కటీ వదల్లేదు."

అది ఆ ఇంటి పద్ధతే. కొత్త రాణి పుడుతోందంటే పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని లేచిపోతుంది. అందుకని వారం వారం ఆ గదుల్ని నలిపేస్తారు. వాడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరి మరీ నేర్పింది ఆవిడే.

"చట్రం అంచున వేలాడుతున్నాయా, మధ్యలో ఉన్నాయా?"

"మధ్యలోనే. ఏమైందక్కా?"

ఆవిడ చేతిలోని చట్రాన్ని కింద పెట్టేసింది. అంచున కడితే లేచిపోవడానికి. మధ్యలో కడితే రాణి చచ్చిపోయిందని. ఈ రెండో ముక్క వాడికి చెప్పనే లేదు.

ఆ ఈగల్లో పెద్దరికం చేసేవాళ్ళెవరూ లేరు, హుకుం లేదు. ఏ ఈగకీ పెట్టె మొత్తం సంగతి తెలియదు. రాణి వాసన ఆగేసరికి ఇదింత మైనం, అదింత మైనం తెచ్చి, గుడ్లలోంచి వచ్చిన మామూలు లేత పురుగుల్లోంచే ఏడింటిని ఎంచి, రాణుల మేత మేపాయి. వేల ఈగలు కలిసి చావు తప్పించుకునే దారి వేసుకుంటే, తెలివిగల మనిషి వెళ్ళి బొటనవేలితో నలిపొచ్చాడు. ఒళ్ళు మండిపోతుంది కానీ, ఎవర్ని తిట్టాలి చెప్పండి.

"నేనే చంపేశానా?" అన్నాడు వాడు.

"నీ చేత నేను చంపించాను," అంటూ ఆవిడ భోరుమంది.

కాసేపటికి తమ్ముడు చట్రాన్ని దగ్గరికి తెచ్చి చూపించాడు. "ఏడవకక్కా. చూడు, మళ్ళీ కడుతున్నాయి."

నిజమే. నలిపిన చోటే ఈగలు గుమిగూడి కొత్త రాణి గదికి గోడ లేపుతున్నాయి. ఆవిడ వంగి లోపలికి చూసింది. గుడ్లు ఆగి వారం దాటింది, రాణిని చేయడానికి పెట్టెలో లేత పురుగు ఒక్కటీ మిగల్లేదు, గది ఖాళీ. ఆ సంగతి ఈగలకి ఎవరు చెప్తారు?