గంప, పసుపు, కిటికీ

రేపల్లె కబడ్డీ పోటీల్లో కూతకెళ్ళిన హీనా మీద ముగ్గురు ఒక్కసారే పడ్డారు. తల నేలకు కొట్టుకున్న చప్పుడు కోర్టు గీతకు బయట కూర్చున్న రిబ్కాకు వినిపించింది. ఆ చప్పుడు ఆమె ఎరిగినదే. పన్నెండేళ్ళ కిందట బాపట్లలో తన తలకూ అలాగే తగిలింది. అప్పుడు ఆట నేర్పిన బ్రహ్మానందం మాస్టారు ముఖాన నీళ్ళు కొట్టి మళ్ళీ కూతకు పంపారు. రెండో దెబ్బతో ఆట పోయింది. వాసన తెలియడమూ పోయింది. ఆ తర్వాత చదువుకుని, ఆటగాళ్ళ తలదెబ్బల మీదే పరిశోధన పెట్టుకుంది. ఆమె సరేనంటేనే దెబ్బ తిన్న పిల్ల తిరిగి ఆడాలని ఈ పోటీలవాళ్ళను బతిమాలి ఒప్పించింది.

హీనా వాళ్ళ తెనాలి జట్టుకూ ఆయనే మాస్టారు.

"త్వరగా కానియ్యమ్మా రిబ్కా. విరామం అయిపోతోంది."

జ్ఞాపకం ఎలా ఉందో చూడడానికి రిబ్కా ఐదు మాటలు చెప్పింది. కాసేపాగి తిరిగి చెప్పమంది.

"గంప, పసుపు, కిటికీ, రైలు, జామకాయ," అంది హీనా తడుముకోకుండా.

"చూశావా? రాయిలాంటి పిల్ల!" అన్నారు మాస్టారు. రిబ్కా సరేనంది. హీనా కోర్టులోకి వెళ్ళింది.

బెంచీ మీద షబ్నం పక్కపిల్లతో కిసుక్కున నవ్వింది. "బస్సులో పాతికసార్లు చెప్పించారు గదే మాస్టారు! నాకు జామకాయే గుర్తుండి చావదు."

ఆ మాట రిబ్కా చెవిన పడింది. పోయిన నెల బాపట్ల పోటీల్లోనూ మాస్టారి ఎదుటే ఇవే ఐదు మాటలు అడిగింది. మార్చలేదు. కొత్తవి పెడితే తనకే గుర్తుండవు.

కోర్టులోకి పరుగెత్తి హీనా చెయ్యి పట్టుకుంది.

"ఇది ఏ ఊరమ్మా?"

"తెనాలి కదక్కా."

విజిల్ మోగింది. "ఎవర్రా ఆవిడ, బయటికి లాగండి!" అని జనం కేకలు. రిబ్కా హీనాను వెంటబెట్టుకునే బయటికొచ్చింది.

"గెలిస్తే ఆ పిల్ల జిల్లా జట్టులో ఉండేది," అన్నారు మాస్టారు.

"నా సంగతి తెలిసి కూడా నేర్పించారా మాస్టారూ?"

ఆయన తువ్వాలు దులుపుకుంటూ అటు తిరిగారు. హీనా లేని జట్టు ఓడిపోయింది.

తెనాలి ఆస్పత్రికి వెళ్తుంటే అంబులెన్సులో హీనా అడిగింది. "అక్కా, గెలిచామా?"

"లేదమ్మా."

వెక్కి వెక్కి ఏడ్చింది. భట్టిప్రోలు దాటాక మళ్ళీ అడిగింది. అప్పుడే విన్నట్టు మళ్ళీ అలాగే ఏడ్చింది. వేమూరు దగ్గర, "అక్కా, గెలిచామా?"

గెలిచామనే అందామనుకుంది రిబ్కా. అనలేకపోయింది. ఏడుస్తున్న పిల్లను ఒక చేత్తో పట్టుకుని, తను మర్చిపోకముందే నోటుబుక్కు తీసి రాసుకుంది: మూడోసారి.