అంచు లేచిన నాణెం

వీధిలో అందరూ అతన్ని భూతద్దం అనే పిలుస్తారు. అసలు పేరు గుర్తున్నవాళ్ళు తక్కువ. నాణెం టంకశాలలోనే తప్పుగా తయారైందా, బయటికొచ్చాక ఎవరి చేతిలోనో చెడిందా అన్నది తేల్చడం అతని పని. మొదటిదైతే సేకరించేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు, రెండోదైతే వట్టి దెబ్బతిన్న చిల్లర. తేల్చిన మాట కుండబద్దలు కొట్టినట్టు చెబుతాడు. ఎదుటివాడి మొహం మాడినా అతనికి పట్టదు. నిజాయితీ మంచిదే, కాదనం. ఇతను మాత్రం దాన్ని మనుషుల నెత్తిన మొట్టడానికి వాడేవాడు.

ఆ మొట్టికాయలు అందరికంటే ఎక్కువ తిన్నది కన్నతండ్రే. ముప్పయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాడు. సంచీలో చిల్లరంతా జల్లెడ పట్టి, వింతగా కనిపించినదాన్ని తెచ్చి కొడుకు బల్ల మీద పెట్టేవాడు. ఇది రాయి కింద నలిగింది, ఇది సుత్తి దెబ్బ, ఇది నిప్పులో పడింది అంటూ కొడుకు తిప్పికొట్టేవాడు. ఒక్కటీ నెగ్గలేదు. పెద్దాయన నవ్వేసి, మర్నాడు ఇంకోటి పట్టుకొచ్చేవాడు.

పక్షవాతం వచ్చి, ఒక చెయ్యీ మాటా పడిపోయి, రెండేళ్ళు మంచంలో ఉండి, చివరికి కన్నుమూశాడు. పోయిన మూడు వారాలకు అక్క ఆ పరుపు దులుపుతుంటే దిండు గలీబులో ఒక నాణెం దొరికింది. దాని అంచు గోడలా పైకి లేచి ఉంది. తెచ్చి తమ్ముడి ముందు పెట్టింది.

"ఇదైనా నిజమైనదేనా? చూసి చెప్పు," అంది.

తండ్రి ఒక్కసారైనా గెలిచాడని వినాలని ఆమె ఆశ. అతనికీ అదే ఆశ. ఒక నాణెం నెగ్గాలని అతను కోరుకోవడం అదే మొదలు.

దీపం దగ్గరికి లాక్కున్నాడు. టంకశాల అచ్చు ఒక్క దెబ్బతో పని ముగిస్తుంది. తప్పు జరిగినా ఆ దెబ్బలోనే జరుగుతుంది, లోహమంతా ఒకేసారి జారి నున్నగా ఉంటుంది. ఈ అంచు మీద మాత్రం ఆవగింజంత నొక్కులు, ఒకదాని మీద ఒకటి, వేలకొద్దీ ఉన్నాయి. పక్కనున్న అక్షరాల తలలు లోపలికి ముడుచుకున్నాయి. ఎవరో దీన్ని నిలబెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ, నెలల తరబడి కొట్టారు. బొటనవేలి వెడల్పున ఒక్కచోట అంచు మామూలుగానే ఉంది. పని అక్కడ ఆగిపోయింది.

తండ్రి మంచాన ఉండగా రోజంతా గోడ అవతల టిక్కుటిక్కుమని వినిపించిన చప్పుడు ఇదన్నమాట. చెవిలో జోరీగలా ఉందని, ముసలాయనకు చాదస్తం ముదిరిందని విసుక్కుని, ఒకరోజు వెళ్ళి తండ్రి చేతిలోంచి చెంచా లాక్కొచ్చాడు. పడిపోయిన చేతి వేళ్ళ మధ్య, దుప్పటి కింద, ఏం దోపుకున్నాడో చూడలేదు.

"టంకశాలది కాదక్కా. నాన్న చెంచాతో కొట్టి చేసింది," అన్నాడు. "నన్ను మోసం చేసైనా గెలవాలనుకున్నాడా?" అని అడిగాడు.

అక్క అతనికేసి జాలిగా చూసింది.

"నీమీద గెలిచి ఏం చేసుకుంటాడురా? నాణెం చూసేటప్పుడు తప్ప నువ్వాయన పక్కన ఎప్పుడైనా కూర్చున్నావా? మంచాన పడ్డాక బయటికెళ్ళి తెచ్చే దారి లేదు. అందుకని చేసుకున్నాడు."

ఇన్నాళ్ళూ ఎన్ని నాణేలను పనికిరావన్నాడో అన్నిసార్లూ తండ్రిని లేచి వెళ్ళమన్నట్టే అయిందని సిగ్గుతో చచ్చిపోయాడు. అంచు లేవని ఆ చోట వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ ఆగిపోయింది నా వల్లే. చెంచా లాక్కుంది నేనే."

"తెలుసు," అంది అక్క. "ఇంకో చెంచా ఇవ్వబోతే, నీ గది గోడవైపు చూపించి వద్దని చెయ్యి ఊపాడు. ఆ తర్వాత నాలుగు రోజులు దుప్పటి కింద గోటితో కొట్టుకుంటూనే ఉన్నాడు. ఎందుకో నాకూ తెలీలేదు."

అతను భూతద్దం మళ్ళీ తీసి ఆ చోటు మీద పెట్టాడు. ఎంతసేపు వెతికినా అక్కడ సన్నని గీత కూడా కనిపించలేదు.