వాన కొట్టిన పావుగంట

"ప్రార్థన పుస్తకం మూసి రోజూ పావుగంట దేవునితో సొంతంగా మాట్లాడమ్మా," అని సిస్టర్ రోజ్‌లిన్ చెప్పి వారమైంది. ఎల్లారెడ్డి ఊరి చర్చిలో రోజూ మోకరించినా సాలవ్వకు ఆ వారమంతా ఒక్క సొంత మాట తట్టలేదు. "తండ్రీ" అనగానే చిన్నప్పుడు బట్టీపట్టిన ప్రార్థనే గడగడా వచ్చేసేది. ఇదేం తిప్పలని ఆమెకు తన మీదే చిరాకు.

ఆ మధ్యాహ్నం అలా మోకరించగానే రేకుల కప్పు మీద దడదడా వాన మొదలైంది. కల్లంలో ఆరబోసిన వడ్ల మీద పట్టా కప్పలేదు. సాలవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంది బాపూ! నీ తానకు వచ్చినప్పుడే కొట్టాల్నా వాన? రెక్కలు ముక్కలు చేసుకొని పండించిన. జరంత సుత కనికరం లేదా? మాట్లాడవేంది?"

అరిచాక తనే ఉలిక్కిపడింది. తండ్రీ అన్నది ఆమెకు ప్రార్థనలో మాట. కన్నతండ్రిని పిలిచింది ఎప్పుడూ బాపు అనే.

కొంగు నెత్తిన కప్పుకుని బయటికి ఉరుకుతుంటే గుమ్మంలో సిస్టర్ ఎదురైంది. "ఇవాళైనా మాట్లాడావా?"

"మాట్లాడలే సిస్టర్, కొట్లాడిన."

"దేవునితోనా?"

"మా బాపుతోని. కొట్లాట ఇంకా ఒడవలే. వడ్ల మీద పట్టా కప్పి మళ్లొస్త."