రాయికి వేడి తగలకూడదు

“పీచుతో రుద్దట్లేదు కదా?” హాల్లోంచే కేకేశాడు భర్త.

లేదు మహాప్రభో, అనుకుంది ఆమె వంటింటి గట్టు తుడుస్తూ. మెత్తటి గుడ్డ, గోరువెచ్చటి నీళ్ళు, ఒక్క చుక్క సబ్బు. ఆపైన మంచినీళ్ళు, ఆపైన పొడిగుడ్డ. టీ ఒలికితే ఆరేలోపు తుడవాలి. బ్లీచింగు ఆ దరిదాపులకు రాకూడదు, కత్తి ఆనకూడదు. వేడి గిన్నె అయితే అసలే కూడదు. రాతిపొడిని పట్టి ఉంచే జిగురు వేడికి మాడుతుంది, మాడిన మచ్చ ఇక పోదు. వంటింట్లో క్వార్ట్జ్ గట్టు వేయించిన రోజు కొట్టువాడు చెప్పిన ఈ పాఠమంతా ఆమెకు అప్పజెప్పి అతను చేతులు దులుపుకున్నాడు. “దీనికి పనే ఉండదట” అన్నాడు పైగా. నిజమే, చేసేది ఇంకొకళ్ళయితే ఏ పనీ ఉండదు. పొద్దంతా బడిలో పాఠాలు చెప్పి, గొంతు బొంగురుపోయి వచ్చి గుడ్డ పట్టేది ఆమె. చుట్టాలొచ్చి గట్టు మెరుపు చూసి నోళ్ళు తెరిస్తే, “ఈ విషయంలో నేను మహా స్ట్రిక్టండీ” అనేది అతను. సొమ్మొకడిది, సోకొకడిది.

పోయిన వేసవిలో ఒకసారి కూర గిన్నె దించి ఇటు తిరిగిందో లేదో, పట్టుకున్న గుడ్డలోంచి వేడి చురుక్కుమంది. గిన్నె కింద పెట్టే చెక్కపలక ఉండేచోట లేదు. అత్తగారు టీకప్పు కింద పెట్టుకోవడానికి పట్టుకెళ్ళింది. రాయి జానెడు దూరంలో ఉంది. పెట్టొచ్చు. పెట్టలేదు. వెనక్కి నడిచి పొయ్యి మీద పెట్టేసరికి కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆమె అరుపుకు పరుగెత్తుకొచ్చిన భర్త గట్టు మీదికి వంగి చూశాడు.

“రాయి మీద పెట్టలేదు కదా?”

“పెట్టలేదులేరా. పిల్లకి ఆ మాత్రం జాగ్రత్త ఉంది” అంది అత్తగారు.

ఆ మెప్పుకు ఆమెకు ఆ నొప్పిలోనూ సంతోషం కలిగింది. ఛీ, అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది ఆమెకు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు, బాగానే ఉంది. ఆ ఎద్దు కూడా కాకి వైపే మాట్లాడితే ఏమనాలి?

ఇక ఇవాళ పొద్దున జరిగింది చూడండి. ఇస్త్రీ బల్ల తెరవడానికి బద్ధకించి అతను గట్టు మీదే చొక్కా ఇస్త్రీకి దిగాడు. ఫోన్ మోగింది. ఇస్త్రీ పెట్టెను రాయి మీద బోర్లా వదిలేసి కబుర్లలో పడ్డాడు. వచ్చి తీసేసరికి గోధుమరంగు మచ్చ, అచ్చం ఇస్త్రీ పెట్టె ఆకారంలో.

“రాత్రి భోజనానికి మా ఆఫీసరూ వాళ్ళావిడా వస్తున్నారు. అడిగితే నువ్వే వేడి గిన్నె పెట్టానని చెప్పు. ఆడవాళ్ళకి మామూలే అనుకుంటారు. నేనని తెలిస్తే పరువు పోతుంది.”

“వాడు పాపం హడావిడిలో ఉన్నాడు. నువ్వైనా ఓ కన్నేసి ఉంచొద్దూ?” అంది అత్తగారు.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. అదే కొడుకు కొడితే అసలక్కడ కుండే లేదు.

ఇంట్లో ఉన్న ఆ ఒక్క పలకనూ అతను మచ్చ మీద కప్పి, పైన పూలకుండీ పెట్టాడు. “దీన్ని మాత్రం కదపకు” అన్నాడు.

అతిథులు వచ్చారు. గట్టు చూపించడానికి అతను వాళ్ళను వంటింట్లోకి తీసుకొచ్చాడు. “ఒక్క మచ్చైనా లేదే!” అంది ఆఫీసరు భార్య. “వేడి గిన్నె తగలనిస్తే కదండీ” అని నవ్వాడు. అప్పుడే కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. ఆమె మందపాటి గుడ్డతో గిన్నె దించి తిన్నగా భర్త ముందుకు వచ్చింది.

“పలక మీద పూలకుండీ ఉందండీ. రాయికేమో వేడి తగలకూడదాయె. కాస్త పట్టుకోండి.”

అలవాటు లేని చేతులు, పాపం, చాచాడు. తగిలీ తగలకముందే “అమ్మో!” అని వెనక్కి లాక్కున్నాడు. “కాలుతోందే! పెట్టెయ్, పెట్టెయ్!”

“ఎక్కడ పెట్టను?”

“ఎక్కడో అక్కడ! గట్టు మీద పెట్టు!”

పెట్టింది.

“అయ్యో, నీ చెయ్యేం కాలలేదు కదమ్మా?” ఆఫీసరు భార్య కంగారుగా అడిగింది. ఈ ఇంట్లో ఆమె ఆ మాట వినడం అదే మొదలు.

“కాలిందండీ, పోయిన వేసవిలో” అని మచ్చ పడ్డ అరచెయ్యి తెరిచి చూపించింది. తర్వాత పూలకుండీ తీసి, పలక ఎత్తింది. “ఇది మాత్రం ఈయన ఇస్త్రీ పెట్టె.”

ఆమె తుడిచే గుడ్డను భర్త భుజం మీద వేసి, వెళ్ళి భోజనాల బల్ల దగ్గర, అతిథుల కోసం వేసిన కుర్చీలో కూర్చుంది.